కాంక్రీటు కింద క్నోసోస్

మధ్యధరా సముద్రంలోని క్రీట్ ద్వీపం గురించి రాసిన పుస్తకాల అట్టల మీద తరచుగా ఒకే బొమ్మ కనిపిస్తుంది. లావుపాటి ఎర్రటి స్తంభాలు, వాటి వెనక గోడ మీద తల వంచి దూసుకొచ్చే ఎద్దు. అది క్నోసోస్ రాజసౌధపు ఉత్తర ద్వారం. మూడున్నర వేల ఏళ్ల కిందటి కట్టడం ఇంత చెక్కుచెదరకుండా ఎలా నిలిచిందా అని చూసినవాళ్లు విస్తుపోతారు. ఆ స్తంభాలు 1930 ప్రాంతంలో కట్టినవి. ఎద్దు బొమ్మ నకలు. దాని అసలు ముక్కలు ఐదు కిలోమీటర్ల దూరంలో, హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆ స్తంభాల కింద, దారికి అటూ ఇటూ ఉన్న పెద్ద రాతి దిమ్మలు మాత్రం కంచు యుగానివే.

రాయి, కాంక్రీటు, నకలు. ఈ మూడింటినీ విడదీసి చూడగలిగితేనే క్నోసోస్ అర్థమవుతుంది. లేకపోతే మనం చూసి వచ్చేది కంచు యుగం నాటి మినోవన్ నాగరికతను కాదు, దాని గురించి ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో ఒక ఆంగ్లేయుడు కన్న కలను. ఆ కలలో నిజం చాలానే ఉంది. ఎంత ఉందో తేల్చడానికి వందేళ్లుగా రసాయనశాస్త్రం, జన్యుశాస్త్రం, వృక్షశాస్త్రం, లిపిశాస్త్రం తలా ఒక చెయ్యి వేస్తున్నాయి.

క్నోసోస్ ఉన్న చోటు కెఫాలా అనే చిన్న దిబ్బ. సహజమైన కొండ అనుకుంటాం గానీ దాని ఎత్తులో చాలా భాగం మనుషులు పేర్చిందే. క్రీ.పూ. 7000 ప్రాంతంలో ఇక్కడికి తొలి రైతులు వచ్చారు. మట్టి ఇళ్లు కట్టుకున్నారు, అవి కూలితే చదును చేసి వాటి మీదే మళ్లీ కట్టుకున్నారు. అలా ఐదు వేల ఏళ్లు గడిచాక, క్రీ.పూ. 1900 ప్రాంతంలో ఆ దిబ్బ తలను చదును చేసి మొదటి రాజసౌధం లేపారు. క్రీ.పూ. 1700 ప్రాంతంలో అది కూలిపోయింది, బహుశా భూకంపానికి. అదే పునాదుల మీద మరింత వైభవంగా కట్టిన రెండో సౌధమే ఇవాళ చూసే శిథిలం. సందర్శకులు నిలబడి ఫొటోలు తీసుకునే నడిమి ముంగిలి కింద, ఏడు మీటర్లకు పైగా నవీన శిలాయుగపు ఊళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అంతటి ప్రాచీనత అక్కడ కంటికి కనిపించదు. కనిపించకపోయినా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి అది.

ఈ దిబ్బను మొదట తవ్వినవాడు ఆ ఆంగ్లేయుడు, ఆర్థర్ ఎవాన్స్, కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే చాలా పుస్తకాలు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. హెరాక్లియన్‌కు చెందిన మినోస్ కలోకెరినోస్ అనే వ్యాపారి 1878లో ఇక్కడ కందకాలు తవ్వి, నిలువెత్తు మట్టి బానలున్న గదులను బయటపెట్టాడు. అప్పుడు క్రీట్ ఆటోమన్ పాలనలో ఉంది. దొరికినవన్నీ ఇస్తాంబుల్‌కు తరలిపోతాయన్న భయంతో స్థానికులే తవ్వకం ఆపించారు. 1898 అల్లర్లలో కలోకెరినోస్ ఇల్లు కాలిపోయింది, అతని సేకరణలూ రాతప్రతులూ దానితోనే పోయాయి. ట్రాయ్ తవ్విన ష్లీమన్ కూడా ఈ నేల కొనాలని చూశాడు గానీ బేరం కుదరలేదు.

ఆర్థర్ ఎవాన్స్ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం అధిపతి. అతన్ని 1894లో క్రీట్‌కు రప్పించినవి గోరంత రాళ్లు. వాటి మీద చిత్రమైన గుర్తులు చెక్కి ఉంటాయి. ద్వీపంలోని పల్లె తల్లులు వాటిని పాలరాళ్లని పిలిచి, చంటిపిల్లలకు పాలు బాగా పడతాయన్న నమ్మకంతో మెడలో కట్టుకునేవారు. ఎవాన్స్ ఊరూరా తిరిగి వాటిని చూశాడు, కొన్నాడు, అచ్చులు తీసుకున్నాడు. అవి ఏదో మరచిపోయిన లిపికి ఆనవాళ్లని అతనికి తోచింది. ఆ తల్లుల నమ్మకమే మూడున్నర వేల ఏళ్ల నాటి ముద్రికలను అన్నాళ్లు కాపాడిందని తలచుకుంటే మనసు నిండుతుంది. తర్వాత ఎవాన్స్ కెఫాలా దిబ్బను కొనేశాడు. 1900 మార్చి 23న తవ్వకం మొదలైంది. వారం తిరిగేసరికి రాతలున్న మట్టి పలకలు, ఏప్రిల్‌లో జిప్సం రాతి సింహాసనం బయటపడ్డాయి. గ్రీకు పురాణాల్లోని మినోస్ రాజు పేరు తీసుకుని ఈ నాగరికతను మినోవన్ అని పిలిచాడు. ఆ మనుషులు తమను తాము ఏమని పిలుచుకున్నారో ఇంకా తెలియదు.

ఇక కాంక్రీటు సంగతి. దాన్ని తప్పుపట్టడం సులువు, పురావస్తు విద్యార్థులు మొదటి పాఠంలోనే నేర్చుకుంటారు. కానీ అది ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే తీర్పు అంత తేలిగ్గా రాదు. క్నోసోస్ గోడలకూ నేలలకూ వాడిన మెరిసే తెల్లరాయి జిప్సం, పక్కనున్న గిప్సాదెస్ కొండ నుంచే తెచ్చారు. జిప్సం మెత్తన. నునుపు పెట్టడం సులువు. పెద్ద లోపం, అది నీళ్లలో కరుగుతుంది, లీటరుకు రెండు గ్రాములకు పైగానే. పైన కప్పు, లోపల పొడి గాలి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. మట్టి కింద పూడుకుపోయినప్పుడూ పెద్దగా లేదు. తవ్వి ఎండకూ వానకూ ఎత్తిపెట్టిన రోజు నుంచి మాత్రం ప్రతి చినుకూ కొంత రాతిని పట్టుకుపోతుంది. తవ్విన మరుసటి చలికాలపు వానలకే సింహాసనపు గది దెబ్బతింది. ఎవాన్స్ హడావుడిగా దాని మీద కప్పు వేయించాడు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. తూర్పు వైపు సౌధం కొండ వాలులోకి అనేక అంతస్తులుగా దిగుతుంది. ఆ అంతస్తులను మోసిన స్తంభాలు ఒకప్పుడు సైప్రెస్ దుంగలు. అవి కాలి బొగ్గయ్యాయి. పై అంతస్తు నేల కింద పడిపోకుండా మట్టే పట్టుకుని ఉంది. మట్టి తీసేస్తే ఆ అంతస్తులను కలిపే పెద్ద మెట్ల దారి, మహాసోపానం, కుప్పకూలుతుంది. మొదట చెక్క స్తంభాలు నిలబెట్టారు, క్రీట్ తేమకు అవి కుళ్లిపోయాయి. తర్వాత ఇనుప దూలాలు వేశారు. 1920లలో కొత్తగా అందుబాటులోకి వచ్చిన చువ్వల కాంక్రీటు చేతికి రాగానే ఎవాన్స్ ఆగలేదు. నిలబెట్టాల్సిన వాటిని నిలబెట్టాడు, ఆ ఊపులో ఊహించినవాటినీ కట్టేశాడు. 1926లో పెద్ద భూకంపం వచ్చింది. మంచం మీద పడుకున్న ఎవాన్స్ ఇల్లు ఊగిపోవడం చూశాడు. కాంక్రీటు కట్టడాలు తట్టుకున్నాయి. తన నిర్ణయం సరైనదేనని అతనికి మరింత నమ్మకం కుదిరింది.

మహాసోపానం విషయంలో నేను ఎవాన్స్ పక్షం. అతను ఆ పని చేయకపోతే కంచు యుగం నాటి అంతస్తుల మెట్లను మనం అడుగు పెట్టి దిగగలిగేవాళ్లం కాదు. పడమటి వైపు ‘పియానో నోబిలే’ అని పేరు పెట్టి మేడ మీద గదులకు గదులే కల్పించిన చోట మాత్రం అతని వెంట నడవలేను. అక్కడ కింద దొరికిన సాక్ష్యం కంటే పైన కట్టిన ఊహ ఎక్కువ. ఇప్పుడు ఆ కాంక్రీటుకే వందేళ్ల వయసు వస్తోంది. సముద్రపు గాలిలోని ఉప్పు లోపలి చువ్వలను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అందుచేత పరిరక్షకులు ఇవాళ రెండు శిథిలాలను కాపాడుతున్నారు, మినోవన్లదీ ఎవాన్స్‌దీ.

కింద నిజం, పైన ఊహ అనే ఈ కథే గోడ బొమ్మల్లోనూ నడిచింది. తడి సున్నపు పూత మీద వేసిన చిత్రాలు అరచేతి వెడల్పు ముక్కలుగా దొరికితే, గిల్యెరాన్ అనే తండ్రీకొడుకులు ఎవాన్స్ కోసం వాటిని పూర్తి చిత్రాలుగా పూరించారు. హెరాక్లియన్ మ్యూజియంలో ‘కలువల యువరాజు’ దగ్గరికి వెళ్లి పక్కనుంచి చూడండి. కాస్త ఉబ్బెత్తుగా, గరుకుగా ఉన్న ముక్కలు అసలువి, మిగతాది పూరణ. కిరీటం, మొండెం, కాలు, ఇవి వేర్వేరు బొమ్మలకు చెందినవని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే అలాంటి యువరాజు ఏ గోడ మీదా ఎన్నడూ లేకపోయి ఉండవచ్చు. ఇంకో చిత్రంలో కుంకుమపువ్వులు కోస్తున్న ఒక నీలం ఆకారాన్ని ఎవాన్స్ బాలుడిగా పూరింపజేశాడు. తర్వాతివాళ్లు దాన్ని పరిశీలించి అది కోతి అని తేల్చారు. మినోవన్ చిత్రకారులు కోతులకు నీలం రంగు వేసేవారు.

ఆ నీలం కోతుల వెంట వెళ్తే కథ మన వైపు తిరుగుతుంది. క్రీట్‌కు ఉత్తరాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో థేరా ద్వీపం ఉంది, ఇప్పటి పేరు శాంటోరిని. అక్కడి అక్రోతిరి పట్టణంలో ఒక గదిలో రాళ్ల మీదికి ఎగబాకే కోతుల గుంపు చిత్రం దొరికింది. 2019 డిసెంబరులో ‘ప్రైమేట్స్’ అనే పత్రికలో కళాచరిత్రకారులూ కోతుల నిపుణులూ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. తోక పట్టే తీరును బట్టి చూస్తే ఇవి మన కొండముచ్చులని వాళ్ల వాదన. కొండముచ్చు తోకను పైకెత్తి వీపు మీదికి వంచి నడుస్తుంది. తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఈజిప్టులో దొరికే ఆఫ్రికా కోతులు అలా పట్టవు. సింధు లోయ నుంచి మెసపొటేమియాకు వ్యాపారం సాగిన రోజులు గనుక, ఆ మార్గంలో ఎక్కడో చిత్రకారుడు ఈ జంతువును చూసి ఉండవచ్చని వాళ్ల ఊహ. మిగతా నిపుణులు కొందరు ఒప్పుకోలేదు, ఇవి ఆఫ్రికా వెర్వెట్ కోతులే అంటున్నారు. ఈజిప్టుతో క్రీట్ వ్యాపారం ఎన్నో వస్తువుల ద్వారా రుజువైంది గనుక ఆ మాటకు బలం ఉంది. అయినా ఆ తోక వంపు చూస్తే కొండముచ్చును కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

సింహాసనం ముందు జనం బారులు తీరి నిలబడతారు. ఆ వరుసలో గడిపే సమయంలో సగం పడమటి గిడ్డంగులకు ఇస్తే సౌధం పని చేసిన తీరు తెలుస్తుంది. అక్కడ కాంక్రీటు తక్కువ, రాయి ఎక్కువ. పొడుగ్గా, సన్నగా, పక్కపక్కన 18 గదులు. వాటిలో మనిషి ఎత్తు మట్టి బానలు, నేలలో రాతి పలకలు పరిచిన గుంటలు. నూనె, ద్రాక్షసారా, ధాన్యం, పప్పులు ఇక్కడికి చేరేవి. చుట్టుపక్కల పల్లెల పంట ఇక్కడ పోగై, లెక్కలు రాయించుకుని, పనివాళ్లకూ దేవతలకూ చేతివృత్తులవాళ్లకూ తిరిగి పంపిణీ అయ్యేది. గోడల అంచుల్లో నల్లటి మసి కనిపిస్తుంది. చివరి రోజున బానల్లోని నూనె అంటుకున్నప్పటి మరక అది. అది ఎవరూ పూరించిన బొమ్మ కాదు, నకలు కాదు. అసలు సాక్ష్యం.

నీళ్ల ఏర్పాటు కూడా అలాంటిదే. కాల్చిన మట్టి గొట్టాలు ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా చేసి ఒకదానిలో ఒకటి దూర్చి, సందులకు పూత పూశారు. సన్నటి కొస నుంచి నీరు వేగంగా చిమ్ముతుంది కాబట్టి అడుగున మట్టి పేరుకోదు. తూర్పు వాలులో మెట్ల పక్కన వాన నీటి కాలువ మరింత ముచ్చటగా ఉంటుంది. ఏటవాలుగా తిన్నగా వదిలితే నీరు దూకి మలుపుల దగ్గర బయటికి పొర్లుతుంది. అందుకని కాలువ అడుగును వంపులు వంపులుగా చెక్కి వేగం తగ్గించారు, మధ్యలో మట్టి దిగడానికి చిన్న తొట్లు పెట్టారు. గదులకు గాలీ వెలుతురూ అందడానికి అంతస్తుల నడుమ నిలువునా ఖాళీలు వదిలారు. రాతి గోడల్లో అడ్డంగానూ నిలువుగానూ దుంగలు పొదిగారు. భూమి కదిలినప్పుడు గోడ విరగకుండా కాస్త ఊగడానికి ఆ చెక్క పనికొస్తుంది. భూకంపాల మధ్య బతికినవాళ్ల అనుభవం ఆ గోడల్లో ఉంది.

ఇంతా చేసి ఈ సౌధంలో ఎవరు ఏలారో తెలియదు. ఈజిప్టులో ఫారో బొమ్మ లేని గోడ ఉండదు. మినోవన్ కళలో ఇతనే రాజు అని నిశ్చయంగా చెప్పగల బొమ్మ ఒక్కటీ లేదు. గది పేర్లన్నీ, ‘రాణి గది’తో సహా, ఎవాన్స్ పెట్టినవే.

మరి మాట్లాడగలిగినవి ఏమిటంటే, మట్టి పలకలు. క్నోసోస్‌లో రెండు లిపులు దొరికాయి. పాతదాన్ని లీనియర్-ఎ అనీ, దాని నుంచి పుట్టిన తర్వాతిదాన్ని లీనియర్-బి అనీ అన్నారు. లీనియర్-బి పలకలు ఇక్కడే మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటిని కాపాడింది సౌధాన్ని నాశనం చేసిన మంటే. గుమాస్తాలు పచ్చి మట్టి పలకల మీద గీసి ఎండబెట్టేవారు, పని అయిపోతే తడిపి మళ్లీ పిసికేవారు. సౌధం తగలబడినప్పుడు ఆ ఏటి పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. అందుకే మనకు మిగిలింది తరతరాల చరిత్ర కాదు, చివరి కొన్ని నెలల చిట్టా.

దాన్ని చదవడానికి యాభై ఏళ్లు పట్టింది. లిపిలో సుమారు 90 గుర్తులున్నాయి. ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు అనుకుంటే మరీ ఎక్కువ, ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ అనుకుంటే మరీ తక్కువ. కనుక ఒక్కో గుర్తు హల్లూ అచ్చూ కలిసిన అక్షరం అయి ఉండాలి. మన గుణింతంతో పోల్చి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మనం తలకట్టు తీసి గుడి పెట్టినా కొమ్ము పెట్టినా ‘క’ ఆకారం మిగిలే ఉంటుంది. లీనియర్-బిలో క, కి, కు అనేవి పొంతన లేని మూడు గుర్తులు. ఏది దేనికి తోబుట్టువో తెలియకుండా, భాష ఏదో కూడా తెలియకుండా గుణింతాన్ని కూర్చాలి.

ఆ పనికి దారి వేసింది అలిస్ కోబర్, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ కాలేజీ అధ్యాపకురాలు. యుద్ధకాలపు కాగితం కరువులో చిత్తు కాగితాలను చీటీలుగా కత్తిరించి, సిగరెట్ డబ్బాల్లో పేర్చి, గుర్తుల లెక్కలు వేసింది. మొదలు ఒకటే ఉండి చివరలు మారే మాటల గుంపులను ఆమె పట్టుకుంది. చివర మారుతోందంటే అది విభక్తి లాంటిది. హల్లు మారకుండా అచ్చు మారుతోందంటే ఆ రెండు గుర్తులూ ఒకే హల్లువి. ఇలా ఏ ధ్వనీ తెలియకుండానే బంధుత్వాలు తేల్చే పద్ధతి ఏర్పరిచింది. 1950లో నలభై మూడేళ్లకే చనిపోయింది. ఆమెకు దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది నా బాధ.

ఆ పద్ధతిని పెంచి పట్టిక పూర్తి చేసింది మైకేల్ వెంట్రిస్. వృత్తికి ఆర్కిటెక్టు. పద్నాలుగేళ్ల వయసులో ఎవాన్స్ ప్రసంగం విన్నప్పటి నుంచి ఈ పలకల వెంటపడ్డాడు. గ్రీసు ప్రధాన భూమిలోని పైలోస్‌లోనూ పలకలు దొరికాయి. అక్కడ లేకుండా క్నోసోస్ పలకల్లోనే వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. అవి క్రీట్ ఊళ్ల పేర్లేమోనని వెంట్రిస్ అనుకున్నాడు. క్నోసోస్, దాని రేవు అమ్నిసోస్, పక్కనున్న తిలిసోస్ పేర్లను పట్టికలో పెట్టి చూశాడు. కో-నో-సో, అ-మి-ని-సో, తు-లి-సో. ఒక ఊరి పేరులో దొరికిన ధ్వని ఇంకో ఊరి పేరులోనూ సరిపోయింది. ఆ ధ్వనులను మిగతా మాటల్లో నింపేసరికి బయటపడింది గ్రీకు భాష, హోమర్ కంటే ఐదారు వందల ఏళ్ల పాతది. వెంట్రిస్‌కే అది నమ్మశక్యం కాలేదు. 1952 జులైలో బీబీసీ రేడియోలో ప్రకటించాడు. మరుసటి ఏడాది పైలోస్‌లో దొరికిన ఒక పలకను అతని పట్టిక ప్రకారం చదివితే ‘మూడు కాళ్ల పాత్ర’ అన్న మాట వచ్చింది, పక్కనే మూడు కాళ్ల పాత్ర బొమ్మ ఉంది. నాలుగు చెవుల పాత్ర అన్నచోట నాలుగు చెవులు, చెవులు లేనిది అన్నచోట బోడి పాత్ర. అనుమానాలు చాలావరకు తీరిపోయాయి.

పలకల్లో కావ్యాలు లేవు. గొర్రెలు ఉన్నాయి, అన్నీ కూడితే దాదాపు లక్ష. ఎవరి మందలో ఎన్ని, ఎంత ఉన్ని రావాలి, ఎంత తగ్గింది, నేతపని ఆడవాళ్లు ఎందరు, వాళ్ల పిల్లలు ఎందరు. ఒక చిన్న పలక మీద మాత్రం దేవతలందరికీ ఒక జాడీ తేనె, లాబిరింత్ అమ్మవారికి ఒక జాడీ తేనె అని రాసి ఉంది. పురాణంలో మినోస్ రాజు, దారి తప్పించే లాబిరింత్, అందులో ఎద్దు తల మనిషి. పలక మీద ఆ పేరుతో ఒక దేవత, ఆమెకు ఒక జాడీ తేనె. కథలుగా పెరిగి పురాణం కాక ముందు ఆ పేరు నిత్యజీవితంలో ఎలా ఉండేదో ఈ మట్టి ముక్క ఒక్కటే చెబుతుంది.

కానీ గ్రీకు మాట్లాడేవాళ్లు క్నోసోస్‌లో చివరి పాలకులు. సౌధాన్ని కట్టినవాళ్ల భాష లీనియర్-ఎలో ఉంది. గుర్తులు చాలావరకు ఒకే రకం కాబట్టి ఉజ్జాయింపుగా పలకగలం. అర్థమే తెలియదు. ‘కురో’ అంటే మొత్తం అని తెలుసు, ఎందుకంటే దాని పక్కనున్న అంకె పై అంకెల కూడికకు సరిపోతుంది. దొరికిన శాసనాలు సుమారు 1,400, వాటిలో ఎక్కువ భాగం రెండు మూడు గుర్తులవే. ఇంత తక్కువ సరుకుతో కోబర్ పద్ధతి కూడా సాగదు. లీనియర్-ఎని ఛేదించామన్న వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. ఇప్పటిదాకా ఏదీ నిలబడలేదు.

ఈ నాగరికత ఎలా ముగిసిందన్న ప్రశ్నకు చాలాకాలం ఒక గంభీరమైన జవాబు ఉండేది: థేరా అగ్నిపర్వతం. 1930లలో గ్రీకు పురావస్తు శాస్త్రజ్ఞుడు స్పిరిడాన్ మరినాటోస్‌కు అమ్నిసోస్ రేవులో అగ్నిపర్వతపు నురుగురాయి కనిపించింది. 1939లో అతను ఆ సిద్ధాంతం ప్రకటించాడు. పేలుడు, సునామీ, బూడిద కలిసి మినోవన్లను తుడిచిపెట్టాయని. 1967లో అతనే థేరాలో అక్రోతిరి తవ్వడం మొదలుపెట్టి, 1974లో ఆ తవ్వకంలోనే మరణించాడు. పేలుడు నిజమే, మానవచరిత్రలో అతి పెద్దవాటిలో ఒకటి. ఈశాన్య క్రీట్ తీరంలో సునామీ పొరలూ దొరికాయి. చిక్కు కాలం దగ్గర వచ్చింది. క్రీట్ తూర్పున మొక్లోస్ లాంటి చోట్ల థేరా బూడిద పొర మీద కొత్త ఇళ్లు కట్టుకుని, తరాలు గడిపాక, క్రీ.పూ. 1450 ప్రాంతంలో అవి తగలబడ్డాయి. బూడిద పడ్డాక కూడా ఇంత జీవితం సాగిందంటే, తుడిచిపెట్టింది అగ్నిపర్వతం కాదు.

పేలుడు ఏ ఏట జరిగిందన్నది నేటికీ తెగని వాదం. ఈజిప్టులో దొరికిన కుండల పోలికలను బట్టి పురావస్తువేత్తలు క్రీ.పూ. 1500కు దగ్గరగా పెట్టారు. 2006లో, థేరా నురుగురాయి కింద నిలువునా పూడిపోయిన ఒక ఆలివ్ కొమ్మను రేడియో కార్బన్‌తో పరీక్షించి క్రీ.పూ. 1627-1600 అన్నారు. వందేళ్ల తేడా. కార్బన్-14 సగం తరిగిపోవడానికి 5,730 ఏళ్లు పడుతుంది కాబట్టి మిగిలినదాన్ని కొలిచి వయసు కట్టవచ్చు. అయితే గాలిలో కార్బన్-14 పాలు ఏటా ఒకేలా ఉండదు. ఏ ఏడు ఎంత ఉందో పాత చెట్ల వలయాలను కొలిచి సరిచూసుకోవాలి. ఆ సరిపోల్చే పట్టిక ఒకప్పుడు పదేళ్లకొక కొలతతో తయారైంది. 2018లో అమెరికా బ్రిసిల్‌కోన్ పైన్, ఐర్లాండ్ ఓక్ దుంగల వలయాలను ఏడాదికేడాది విడదీసి కొలిచారు. దానితో తేదీ క్రీ.పూ. పదహారో శతాబ్దం వైపు జరిగింది. పైగా ఆలివ్ చెట్టు వలయాలు స్పష్టంగా ఉండవని, వాటిని లెక్కించడమే ప్రమాదమని కొందరి అభ్యంతరం. ఒక్క కొమ్మ తేదీ కదిలితే ఈజిప్టు నుంచి గ్రీసు వరకు కంచు యుగపు కాలపట్టికంతా కదులుతుంది. అందుకే ఇంత పట్టుదల.

మినోవన్లు ఎక్కడివాళ్లన్నదానికి జన్యువులు మరింత సూటిగా జవాబిచ్చాయి. ఎవాన్స్ వాళ్ల మూలాలను ఈజిప్టు, లిబియా వైపు వెతికాడు. 2017లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనం 19 మంది ప్రాచీనుల డీఎన్ఏను పరిశీలించింది. మినోవన్ల వారసత్వంలో కనీసం మూడొంతుల భాగం పశ్చిమ అనటోలియా, ఈజియన్ ప్రాంతపు తొలి రైతులదేనని తేల్చింది. ఆ మొదటి మట్టి ఇళ్లు కట్టినవాళ్ల సంతతే మేడలూ కట్టింది. 2023లో ఇంకో అధ్యయనం చెప్పిన సంగతి మనల్ని ఆగి చదివిస్తుంది. కంచు యుగపు క్రీట్‌లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు చాలా ఎక్కువ, ప్రపంచంలో మరే ప్రాచీన సమాజపు డీఎన్ఏలోనూ అంతగా కనిపించలేదు. తల్లిదండ్రులు చుట్టాలైతే బిడ్డ జన్యువుల్లో రెండు వైపులా ఒకేలా ఉండే పొడవైన భాగాలు కనిపిస్తాయి. వాటి పొడవును బట్టి చుట్టరికం ఎంత దగ్గరిదో లెక్క కట్టవచ్చు. మేనత్త బిడ్డా, పెదనాన్న బిడ్డా అన్నది మాత్రం ఆ లెక్కలో తేలదు, మనకు అది ఎంత పెద్ద తేడా అయినా. ఆలివ్, ద్రాక్ష తోటలు తరాలపాటు ఒకే చోట ఉండి పెంచాల్సినవి గనుక, భూమి ముక్కలు కాకుండా చూసుకోవడానికి అలా చేసి ఉండవచ్చని పరిశోధకుల అభిప్రాయం. మేనరికాలు కలుపుకున్న ఇళ్లలో ఈ కారణం మనవాళ్ల నోట కూడా విన్నదే.

క్రీట్ వెళ్లేవాళ్లకు ఒక సలహా. క్నోసోస్‌కు ముందు కాకపోతే వెంటనే హెరాక్లియన్ మ్యూజియం చూడండి, నకలు వేరు, అసలు వేరు అని కంటికి అలవాటవుతుంది. తర్వాత దక్షిణాన ఫైస్టోస్‌కు వెళ్లండి. ఇటలీ పురావస్తు బృందం తవ్విన ఆ సౌధంలో ఎవాన్స్ తరహా కాంక్రీటు లేదు. విశాలమైన రాతి మెట్లు, నడిమి ముంగిలి, కింద మెసరా మైదానం, ఎదురుగా ఇడా పర్వతం. గదుల గోడలు మోకాలెత్తు, నడుమెత్తు మాత్రమే మిగిలాయి. పైన ఏముండేదో ఎవరికి వారు ఊహించుకోవాలి. క్నోసోస్‌లో పొందిన అవగాహన అక్కడ అక్కరకొస్తుంది, రెండూ చూస్తేనే ఎవాన్స్ చేసిన మేలూ కీడూ తూకం వేయగలం. క్నోసోస్, ఫైస్టోస్‌లతో పాటు మాలియా, జాక్రోస్, జొమింథోస్, కిదోనియాలను కలిపి 2025 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ జాబితాకు ఎక్కని చోట కొత్త తవ్వకం ఒకటి నడుస్తోంది. హెరాక్లియన్‌కు ఆగ్నేయంగా కస్తెలి దగ్గర కొత్త విమానాశ్రయం కడుతున్నారు. దాని రాడార్ కోసం పపూరా కొండ మీద స్థలం చదును చేస్తుంటే ఒక గుండ్రని రాతి కట్టడం బయటపడింది. 2024 జూన్‌లో గ్రీసు సాంస్కృతిక శాఖ ఆ సంగతి ప్రకటించింది. 48 మీటర్ల వ్యాసం, ఒకదానిలో ఒకటిగా ఎనిమిది రాతి వలయాలు, వాటి మధ్య ఇరుకు గదులు. క్రీ.పూ. 2000-1700 మధ్య వాడుకలో ఉంది, అంటే క్నోసోస్ మొదటి సౌధంతో సమకాలం. అక్కడ జంతువుల ఎముకలు విరివిగా దొరికాయి, కాబట్టి జనం ఏటా కొన్ని రోజులు అక్కడ చేరి విందులు, మొక్కులు చేసుకునేవారేమోనని ప్రాథమిక అంచనా. మినోవన్ క్రీట్‌లో ఇలాంటి కట్టడం ఇంతకు ముందు కనిపించలేదు. ఈసారి తవ్వేవాళ్లు ఏ గదికీ రాజు పేరో రాణి పేరో పెట్టలేదు. ఎముకలూ కుండ పెంకులూ ప్రయోగశాలలకు వెళ్తున్నాయి.